పరుగు తీరు – మోకాటి నొప్పి

మోకాటి నొప్పి అనగానే మనకు తైలమూ కాపడమూ గుర్తుకు వస్తాయి. నేనూ మొదట అక్కడే ఆగిపోయాను.

మా మేనల్లుడు కానిస్టేబుల్ ఎంపికలకై సాధన చేస్తున్నాడు. అందులో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. నెల తిరగకముందే కుడి మోకాటి చిప్ప వెనుక నొప్పి ప్రారంభమైంది. మెట్లు దిగునపుడు, గొంతుక్కూర్చున్నపుడు, బస్సులో చాలాసేపు కాళ్ళు ముడుచుకొని కూర్చున్నపుడు బాధ హెచ్చేది. వాపు లేదు. మహానారాయణ తైలంతో మర్దన చేయించి, వావిలాకు కాపడం పెట్టించాను. రెండు రోజులు ఉపశమనం. మూడవనాడు పరుగెత్తగానే మళ్ళీ మొదటికే వచ్చేది. దేహదారుఢ్య పరీక్షకు ఆరు వారాలే గడువు. “మందు మార్చండి మామయ్యా” అన్నాడు.

మందు మార్చలేదు. తెల్లవారుజామున మైదానానికి వెళ్ళి అతడి పరుగును చూశాను. మొదటిరోజే చేయవలసిన పని అది.

వేగం కొరకు బారెడేసి అంగలు వేస్తున్నాడు. మోకాలు దాదాపు నిటారుగా ఉండగానే మడమ దేహానికి చాలా ముందుగా నేలను తాకుతోంది. ఆ చప్పుడు దూరానికే వినిపించింది. అలా పడిన పాదం ప్రతి అడుగులోనూ బ్రేకు వేసినట్లు దేహాన్ని నిలువరిస్తుంది. ఆ తాకిడిని ఓర్చుకొనే భారం తొడ ముందుభాగపు కండరాలపై పడగా, వాటి లాగుడుకు చిప్ప తొడ ఎముకపై గట్టిగా ఒత్తుకుంటుంది. వెనుకనుండి చూడగా మరొకటి తెలిసింది. కుడికాలిపై బరువు నిలిచినంతసేపూ ఎడమ తుంటి క్రిందికి జారుతోంది, కుడి మోకాలు లోపలికి వాలుతోంది. తుంటి ప్రక్క కండరాలకు బలం చాలనపుడు ఇట్లు జరుగవచ్చు. నొప్పి తెలిసేది మోకాటిలోనే, కాని అక్కడ ఎంత తైలం మర్దించినా తుంటి బలపడదు గదా!

బలవంతులైనా సగం శక్తి మేరకే వ్యాయామం చేయాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. మావాడు తొలివారం నుండే రోజూ అలసి కూలబడేంతవరకు పరుగెత్తాడు.

పరుగు దూరం తగ్గించి, అంగ కురచ చేయించాను. అదే వేగంతో పరుగెత్తుతూ అడుగుల సంఖ్యను నూటికి 5 నుండి 10 వంతులు పెంచితే మోకాటిపై భారం తగ్గునని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వెల్లడించారు. ఇంటిలో ఎవరైనా గడియారం పట్టుకొని, అర నిమిషంలో కుడిపాదం ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కించవచ్చు. 40 సార్లయితే 42కు పెంచాలి. అడుగులు పెంచమంటే అందరూ వేగం పెంచుతారు. మావాడూ అదే చేశాడు. వేగం పెరుగరాదు. మొదట ఒక్కొక్క నిమిషం చొప్పున మాత్రమే అభ్యసించాలి. తొలిరోజులలో పిక్కలు పట్టివేస్తాయి, వాటికి నువ్వులనూనె మర్దన హాయినిస్తుంది. వారానికి మూడుమార్లు, ప్రక్కకు పడుకొని పైకాలిని చాచి మెల్లగా ఎత్తి దించే వ్యాయామం రెండు వైపులా చేయించాను. పల్లపుదారిలో పరుగు మాన్పించాను. రాత్రివేళ తైలమర్దన మాత్రం కొనసాగించాము.

ఐదవ వారానికి మెట్లు సునాయాసంగా దిగాడు. పరుగును గడువులోపలే ముగించాడు.

మోకాలు వాచినా, కీలు పట్టుకొని కదలకపోయినా, అడుగు వేయగానే తూలిపోయినా, నిద్రలో కూడ నొప్పి బాధించినా ఎముకల వైద్యునికి వెంటనే చూపించాలి. అటువంటపుడు అంగల లెక్కతోగాని కాపడాలతోగాని కాలయాపన చేయరాదు.