మోషే నెపములు – దేవుని ప్రత్యుత్తరములు

పఠనీయ భాగము: నిర్గమకాండము 3:1 – 4:20
తోడుగా చదువవలసినవి: లూకా 14:15–24, యెషయా 6:1–8, అపొస్తలుల కార్యములు 7:20–35

ఉపోద్ఘాతము

హోరేబు కొండయొద్ద మండుచున్న పొదలోనుండి దేవుడు మోషేను రెండుమారులు పేరుపెట్టి పిలువగా, అతడు తడబడక "చిత్తము ప్రభువా" అనెను. సేవకుడు యజమానుని పిలుపునకు పలుకు మాట ఇది. హెబ్రీ మూలములో దీని అర్థము "ఇదిగో, నేనిక్కడ ఉన్నాను" అని. ఈ జవాబు చెప్పిన గడియకు చేయవలసిన పని యేదో మోషేకు తెలియదు. పని తెలిసిన తరువాతనో, అదే నోట అయిదు అభ్యంతరములు ఒకదాని వెంట ఒకటి వెలువడెను.

ఈ వృత్తాంతము మనకు పరాయిది కాదు. ఆరాధనలో "ప్రభువా, నన్ను వాడుకొనుము" అని ప్రార్థించుట మనకు కష్టముగా తోచదు. సోమవారమున ఒక నిర్ణీతమైన పని, ఒక నిర్ణీతమైన మనుష్యుడు, ఒక నిర్ణీతమైన వీధి మన యెదుటికి వచ్చినప్పుడే మన నాలుక వెనుదీయును.

అయితే దేవుని యెదుట మనము చెప్పు ప్రతి అభ్యంతరమును నెపమే అనరాదు. నిజమైన సందేహములును కలవు. వీటిని వేరుపరచుట యెట్లు? ఈ పాఠభాగము మనకొక గురుతు నిచ్చుచున్నది. నిజమైన సందేహము జవాబు దొరకగానే శాంతించును. నెపము జవాబు దొరకగానే మరియొక చోటికి జరుగును. మోషే పలికిన అయిదు మాటలను ఈ గురుతుతో పరీక్షింతము.

1. నేనెంతటివాడను? (3:11)

ఈ మాట వినుటకు వినయముగా నున్నది. దీని వేరు తెలియవలెనన్న రెండవ అధ్యాయమునకు పోవలెను. స్తెఫను చెప్పిన ప్రకారము, మోషే తన నలువదవ యేట తన సహోదరులను చూడబోయెను. అప్పుడతడు పిలుపు లేకయే బయలుదేరెను, ఐగుప్తీయుని చంపెను, మరునాడు ఒక హెబ్రీయుడే అతని అధికారమును ప్రశ్నించెను: నిన్ను మామీద అధికారిగా నియమించినవాడెవడు? ఆ ప్రశ్నతో మోషే మిద్యానుకు పారిపోయెను. నలువది యేండ్లు గొఱ్ఱెలవెంట తిరిగినను ఆ ప్రశ్న అతని లోపలనే ఉండిపోయెను. అప్పుడు పరుడు "నీవెవడవు" అనెను. ఇప్పుడతడు తానే "నేనెవడను" అనుచున్నాడు.

మన సంఘములలో ఇట్టివారు కలరు. ఒకప్పుడు ఉత్సాహముతో ముందుకు వచ్చి, ఏదో ఒక సభలో ఒకరి కఠినమైన మాటకు గాయపడి, నాటినుండి వెనుక బల్లపై కూర్చున్నవారు. వారి నెపము క్రింద పాత గాయమున్నది.

దేవుడు దీనికిచ్చిన జవాబు విచిత్రమైనది. మనమైతే అట్టివానిని ధైర్యపరచుటకు, "నీవు రాజభవనములో పెరిగినవాడవు, ఐగుప్తు విద్యలు నేర్చినవాడవు" అని అతని యోగ్యతలను లెక్కింతుము. దేవుడు అతని యోగ్యతనుగూర్చి ఒక్క మాటయు పలుకలేదు. తాను అతనికి తోడుగా ఉందునని మాత్రమే చెప్పెను. ఈ పనిలో మోషే ఎవడన్నది ముఖ్యము కాదు. అతనితో వచ్చువాడెవడన్నదే ముఖ్యము. దేవుడిచ్చిన గురుతును గమనించుడి: ప్రజలను తోడుకొని వచ్చిన తరువాత ఇదే కొండమీద దేవుని సేవింతురట. అనగా ఈ గురుతు విధేయతకు ముందు కాక, విధేయత చివరనే కనబడును.

2. నీ పేరేమి? (3:13)

ప్రజలు పంపినవాని పేరడిగినయెడల ఏమి చెప్పవలెనని మోషే అడిగెను. ఇది న్యాయమైన ప్రశ్న. పంపినవానిని ఎరుగక పోవు రాయబారి లేడు. కాబట్టి దేవుడు గద్దింపక, తన నామమునే బయలుపరచెను.

ఇక్కడ తర్జుమా చేయువారికి ఒక కష్టమున్నది. 3:12లో "తోడుగా ఉందును" అని చెప్పుటకును, 3:14లో తన నామమును తెలుపుటకును, 4:12లో మోషే నోటికి తోడైయుందునని చెప్పుటకును హెబ్రీలో వాడబడినది ఒకే క్రియారూపము: "ఎహ్యె". తెలుగు వాక్యనిర్మాణమునుబట్టి దానిని వేర్వేరు విధములుగా చెప్పవలసి వచ్చుటచేత, ఈ మూడింటి సంబంధము చదువరికి కనబడదు. మూలములో చదివినవానికి మాత్రము దేవుని నామమును దేవుని తోడును ఒకే మాటగా వినబడును. ఆయన "ఉన్నవాడు" అనుట, ఎక్కడనో దూరమున ఉండుట కాదు. పంపబడినవానితో, వాని బలహీనత యెక్కడ ఉన్నదో సరిగా అక్కడనే ఉండుట.

3. వారు నమ్మరు (4:1)

ఇచ్చట గురుతు మారుచున్నది. పెద్దలు నీ మాట విందురని దేవుడు 3:18లో అదివరకే చెప్పియుండెను. అయినను మోషే, వారు వినరనుచున్నాడు. మొదట "నేను చాలను" అన్నవాడు, ఆ త్రోవ మూయబడగానే "జనులు మంచివారు కారు" అను త్రోవ పట్టెను. "ఆడలేక మద్దెల ఓడు" అన్నారు మన పెద్దలు. "మా ఊరివారికి వాక్యము పట్టదు, మా యౌవనస్థులకు భక్తి లేదు" అని చెప్పువారు తమకు తెలియకయే మద్దెలను నిందించుచున్నారు.

దేవుడు అడిగినదేమి? నీ చేతిలోనిది ఏమిటని. అది కాపరి కఱ్ఱ. ప్రతిదినము పట్టుకొని తిరిగినది, ఎవరును విలువ కట్టనిది. తనయొద్ద లేనిదానిని తెమ్మని దేవుడు మోషేను అడుగలేదు. ఉన్నదానిని నేల పడవేయుమనెను. పడవేసినప్పుడు అది సర్పమై అతనిని భయపెట్టెను. ఆజ్ఞచొప్పున మరల పట్టుకొనినప్పుడు కఱ్ఱ ఆయెను. 4:20కి వచ్చుసరికి అదే కఱ్ఱకు "దేవుని కఱ్ఱ" అను పేరు కలిగినది.

4. నాకు మాటనేర్పు లేదు (4:10)

మోషే తన నోటినిగూర్చియు నాలుకనుగూర్చియు చెప్పుటకు వాడిన హెబ్రీ మాట "కాబేద్", అనగా బరువైనది. స్తెఫనైతే మోషే మాటలయందు బలవంతుడనెను (అపొ. కా. 7:22). నలువది యేండ్లు అరణ్యమందు గొఱ్ఱెలతో గడపినందున మాట బరువెక్కెనో లేదో మనము నిర్ణయింప నక్కరలేదు. ఈ మాట ఇదే గ్రంథములో మరల ఎక్కడెక్కడ వచ్చునో చూడుడి. 7:14లో ఫరో హృదయము బరువైనది. 17:12లో అమాలేకీయులతో యుద్ధము జరుగునప్పుడు మోషే చేతులు బరువైనవి. 18:18లో ప్రజల వ్యాజ్యెములు తీర్చు పని అతనికి మించిన బరువైనది. నోరు బరువైనప్పుడు అహరోను మాటలాడెను. చేతులు బరువైనప్పుడు అహరోనును హూరును వాటిని ఎత్తిపట్టిరి. పని బరువైనప్పుడు యిత్రో సలహా చొప్పున ఇతరులు పంచుకొనిరి. నోటి బరువు దేవుని పనిని ఆపలేదు. నాశనమునకు నడిపినది హృదయపు బరువే.

ఇంకొక సంగతి. దేవుడు మోషే నాలుకను స్వస్థపరచినట్లు వ్రాయబడలేదు. 6:12లోను 6:30లోను అతడు మరల అదే కొదువను చెప్పుకొనెను. నోరు చేసినవాడు తానేనని దేవుడు అతనికి జ్ఞాపకము చేసి, ఆ నోటితోనే తోడుగా వెళ్లెను. కొదువ తీరిన తరువాత బయలుదేరుదునని కనిపెట్టువాడు ఎన్నటికిని బయలుదేరడు.

నాలుకను నెపముగా చేయని ఒకని తెలుగు క్రైస్తవులు మరువరాదు. 1874లో తిరునెల్వేలి ప్రాంతమున జన్మించిన వేదనాయగం సామువేలు అజరయ్య తమిళుడు. 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో అతడొకడు. అన్య భాషాప్రాంతములకు సువార్తికులు పోవలెనని బోధించుటతో అతడు తృప్తిపడలేదు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శి పదవిని విడిచి, 1909లో గురుపట్టము పొంది, తానే డోర్నకలునకు వచ్చి, తన మాతృభాష కాని తెలుగును నేర్చుకొని, ఆ భాషలో పల్లె ప్రజలకు వాక్యము చెప్పెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమునకు ప్రథమ భారతీయ బిషపు ఆయెను. 1945 జనవరి 1న డోర్నకలులోనే ప్రభువునందు నిద్రించెను. ముప్పది నాలుగేండ్లు దాటిన వయస్సులో మరియొక భాషలో అక్షరములు దిద్దుకొనుట ఎంత తగ్గింపో, భాష నేర్చుకొన యత్నించినవారికే తెలియును.

5. మరియొకనిని పంపుము (4:13)

ఇప్పుడు నెపములన్నియు తీరినవి. అయిదవ మాటలో కారణమే లేదు. తాను చాలననిగాని, జనులు నమ్మరనిగాని, నోరు రాదనిగాని మోషే చెప్పలేదు. నీకిష్టమైనవాని ద్వారా పంపుకొమ్మనెను. మూలములో ఇది మర్యాద నిండిన మాట. ప్రభువు చిత్తమునకే అంతయు వదలుచున్నట్లు ధ్వనించును. నిజమునకు అది "నేను వెళ్లను" అనుటయే. దేవుని కోపము రగులుకొనినది ఇప్పుడే. మొదటి నాలుగు మాటలను ఆయన ఓర్పుతో వినెను. బలహీనుని ఆయన కోపింపడు. బలహీనత చాటున దాగుకొనిన అయిష్టతనే గద్దించును.

ఈ వచనము నా బల్లమీద తర్జుమా ప్రతిలో ఉన్న దినములలోనే ఒక పల్లె సంఘమునుండి నాకొక ఉత్తరము వచ్చినది. అచ్చటి బోధకులకు ఒక వారము బైబిలు పాఠములు చెప్పవలెనని వారు కోరిరి. ఎండకాలము, దారి దూరము, నా పని ముగియలేదు. నాకంటె యోగ్యులున్నారని వ్రాసి, ఒకరి పేరు సూచించితిని. వారికి వీలుపడలేదు, ఆ యేడు పాఠములు జరుగలేదు. మరుసటి యేట నేను వెళ్లగా, ఒక వృద్ధుడు నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, మీ ఉత్తరమును సంఘములో చదివించితిమి, అంత చదివినవారికి ఎంత తగ్గింపు అని అందరము దేవుని స్తుతించితిమి" అనెను. ఏ నిందయు నన్ను అంతగా సిగ్గుపరచియుండదు. నా అయిష్టతను వారు వినయముగా చదువుకొనిరి; నేనును అట్లే చదువుకొనియుంటిని.

మోషే మాటను యెషయా మాటతో పోల్చుడి. రెంటిలోను "పంపు" అను హెబ్రీ క్రియ ఒకటే. మోషే వేరొకని పంపుమనెను. యెషయా తన్ను పంపుమనెను. యెషయా తన పెదవులు అపవిత్రమైనవని మొరపెట్టినవాడే. అయితే బలిపీఠపు నిప్పు తన పెదవులను తాకిన తరువాత అతడు ఆ సంగతిని మరల ఎత్తలేదు. జవాబు దొరికినది, సందేహము శాంతించినది.

కోపములోను కృప

దేవుడు కోపించినను పిలుపును వెనుకకు తీసికొనలేదు. అహరోను అదివరకే త్రోవలో ఉన్నాడని చెప్పెను. మోషే వాదించుచున్న గడియకే సహాయకుడు బయలుదేరియుండెను! అయితే వాక్చాతుర్యమే సమస్తమని తలంపరాదు. బాగుగా మాటలాడగల అహరోనే, ప్రజలు ఒత్తిడి చేసినప్పుడు, దూడను పోతపోసెను (32వ అధ్యాయము). మాటనేర్పు లేనని చెప్పినవాడు ఆ దినమున ప్రజలకొరకు దేవుని యెదుట నిలిచి విజ్ఞాపన చేసెను. ద్వితీయోపదేశకాండమందు మనము చదువునవి చాలమట్టుకు ఆ బరువైన నోటి ప్రసంగములే.

మన అన్వయము

లూకా 14లో విందునకు పిలువబడినవారు పొలమును, అయిదు జతల యెడ్లను, వివాహమును చెప్పిరి. వీటిలో పాపమైనది ఒకటియు లేదు. మనము చెప్పునవియు అట్టివే: పిల్లల చదువులు ముగియనిమ్ము, కుమార్తె పెండ్లి కానిమ్ము, ఉద్యోగ విరమణ కానిమ్ము. ఒకటి తీరగానే మరియొకటి ఆ చోటికి వచ్చుచున్నదా? అదియే మనము చూడవలసిన గురుతు.

ఇందువలన ఎవరి మనస్సాక్షియు అన్యాయముగా నలుగకూడదు. మంచమెక్కిన తల్లికి పరిచర్య చేయుచు ఇల్లు కదలలేని కుమార్తె నెపము చెప్పుటలేదు. ఆ మంచమే ఆమె హోరేబు కావచ్చును. మనుష్యులు మోపు ప్రతి పనియు దేవుని పిలుపు కాదు. అయినను దేవుడే పిలిచెనని నీ అంతరంగమునకు తెలిసినప్పుడు, యోగ్యుడవైన తరువాత రమ్మని ఆయన చెప్పుట లేదు. తాను తోడుగా వచ్చెదనని మాత్రమే చెప్పుచున్నాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నీవు దేవునికి చెప్పిన అభ్యంతరములను వరుసగా వ్రాయుము. వాటిలో దేనికి ఇదివరకే జవాబు దొరికినది? జవాబు దొరికిన తరువాత నీవేమి చేసితివి?
2. నీ చేతిలో ప్రతిదినము ఉండు "కఱ్ఱ" ఏది?
3. నీ సంఘములో పాత గాయమువలన వెనుక కూర్చున్నవారెవరు? ఈ వారము వారిని కలిసికొందువా?

ప్రార్థన

ఉన్నవాడవైన దేవా, మా నోటి బరువు నీవెరుగుదువు. దానినిబట్టి నీవు మమ్మును త్రోసివేయలేదు. మా హృదయపు బరువును తీసివేయుము. వినయమని మేము పేరుపెట్టిన అయిష్టతను మాకు చూపుము. పని యేదో తెలియకమునుపు మేము చెప్పిన "చిత్తము ప్రభువా" అను మాటను, పని తెలిసిన తరువాతను చెప్పుటకు కృప దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.