అతినీలలోహిత కిరణాలు – ఒక బకెట్టు లెక్క

ఈ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాసిపెట్టమని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు, మా లేబొరేటరీలో చేసిన ప్రయోగం ఒకదాన్ని గురించి రాద్దామనుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చున్నాక మనసంతా పోయిన వేసవి సెలవుల్లో మా మావయ్య ఇంటి పెరట్లో చేసిన ప్రయోగం మీదికే పోయింది. ఖర్చు సున్నా. పరికరాలు: పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు ఒకటి, చేతి గడియారం ఒకటి.

మావయ్య రిటైరయిన లెక్కల మాస్టారు. గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న టౌనులో రెండంతస్తుల డాబా ఆయనది. మునిసిపాలిటీ నీళ్లు సంపులో పడతాయి, మోటారుతో డాబా మీది ట్యాంకుకి ఎక్కుతాయి. ట్యాంకులోంచి కిందికి దిగే అసలు గొట్టానికి, అంటే ఇంట్లో ప్రతి కుళాయికీ పోయే నీళ్లకు, ఆయన అతినీలలోహిత దీపం యంత్రం పెట్టించారు. రెండేళ్లు ఏ గొడవా లేదు. పోయిన వేసవికి ముందు, మేడ మీది స్నానాలగదిలో షవరు సన్నగా వస్తోందని ప్రెషర్ పంపు ఒకటి బిగించారు. "ప్రెషర్ పెరిగితే మిషను ఇంకా బాగా పనిచేస్తుందండీ" అని బిగించినతను హామీ కూడా ఇచ్చాడట. నెల తిరక్కుండానే, పుట్టింటికి వచ్చిన వదిన కూతురికి, రెండేళ్ల పిల్లకు, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మూడు రోజులు సెలైను ఎక్కించాల్సి వచ్చింది. పిల్ల తేరుకుంది.

నేను వెళ్లేసరికి అందరూ బజారు తిండి మీద నేరం మోపి ఊరుకున్నారు. నీళ్ల మీద ఎవరికీ అనుమానం లేదు. ఎందుకంటే నీళ్లు పరీక్ష చేయించారు, రిపోర్టు శుభ్రంగా వచ్చింది. ఆ రిపోర్టు సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ యంత్రం లోపల ఏముంటుందో చూద్దాం. బయట ఒక స్టీలు గొట్టం. దాని మధ్యలో నిలువునా క్వార్ట్జ్ గాజు తొడుగు, తొడుగులో పాదరసపు ఆవిరి దీపం. తొడుగుకీ స్టీలు గోడకీ మధ్యనున్న ఖాళీలోంచి నీళ్లు పారతాయి. దీపం నుంచి ముఖ్యంగా 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలు వస్తాయి. మామూలు గాజు వాటిని మింగేస్తుంది, అందుకే క్వార్ట్జ్. ఈ కిరణాలు సూక్ష్మజీవి లోపలి డీఎన్ఏ మీదనో, ఆర్ఎన్ఏ మీదనో పడి, పక్కపక్కనున్న భాగాలను ఒకదానికొకటి అతికించేస్తాయి. క్రిమి అక్కడికక్కడే చచ్చిపోదు గాని, ఇక సంతానం పెంచుకోలేదు. సంతానం లేని క్రిమి మన పేగుల్లో జబ్బు తేలేదు.

సూర్యకాంతికి సూక్ష్మజీవులను అణిచే గుణం ఉందని డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు 1877లోనే చూపించారు. 1910 ప్రాంతంలో ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో ఈ దీపాలతో తాగునీటిని శుద్ధి చేశారు. తర్వాత క్లోరిన్ చౌకగా దొరకడంతో దీపం వెనకబడింది. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్లోరిన్‌కి లొంగని క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కుళాయి నీళ్లలో చేరి నాలుగు లక్షల మందిని జబ్బున పడేసింది. ఆ జీవి అతినీలలోహితానికి సులభంగా లొంగుతుందని 1990ల చివర తేలడంతో దీపానికి మళ్లీ దశ తిరిగింది.

ఇక అసలు విషయం. మన ఇళ్లల్లో వడియాలు ఎండబెట్టడం అందరూ చూసే ఉంటారు. ఎండ ఎంత తీక్షణంగా ఉందన్నదొక్కటే చాలదు, ఎంతసేపు ఉంచామన్నది కూడా కావాలి. ఇక్కడా అంతే. కిరణాల తీవ్రతను, నీరు దీపం ముందున్న కాలంతో గుణిస్తే వచ్చేది మోతాదు. దాన్ని చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీజౌళ్లని చెబుతారు. అమెరికాలో ఇళ్ల యంత్రాలకున్న ప్రమాణంలో మొదటి తరగతికి 40 మిల్లీజౌళ్లు ఉండాలి. మావయ్య ఇంట్లో యంత్రం మీది చీటీలో కూడా అదే అంకె ఉంది. కాని దాని పక్కనే చిన్న అక్షరాల్లో "నిమిషానికి 30 లీటర్లు" అనీ ఉంది. ఆ చిన్న అక్షరాలే ఈ వ్యాసానికి కారణం.

యంత్రం లోపల పట్టే నీరు సుమారు నాలుగున్నర లీటర్లు. నిమిషానికి 30 లీటర్లు పారితే ప్రతి నీటిబొట్టూ సగటున 9 సెకన్లు దీపం ముందుంటుంది. దాని బతుకంతా ఆ తొమ్మిది సెకన్లే.

ప్రెషర్‌కీ క్రిములకీ నేరుగా ఏ సంబంధమూ లేదు. ఇంటి గొట్టాల్లో ఉండే పీడనానికి ఏ క్రిమీ నలిగిపోదు. పీడనం చేసేదల్లా నీటిని తొందరపెట్టడం. పది మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో పీడనం ఇస్తుంది. మావయ్య పెరటి కుళాయికి ట్యాంకు నీటిమట్టం ఎనిమిది మీటర్ల పైన ఉంది, అంటే 0.8 కిలో. పంపు దానికి మరో 2.4 కిలోలు కలుపుతోంది. మొత్తం 3.2. అంటే నాలుగు రెట్లు. పీడనం నాలుగు రెట్లయితే ప్రవాహం నాలుగు రెట్లు కాదు, సుమారుగా దాని వర్గమూలమంత, అంటే రెండు రెట్లు పెరుగుతుంది.

పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మడం వేరు, బకెట్టు పెట్టి చూడటం వేరు. మిగతా కుళాయిలన్నీ కట్టేసి, పెరట్లో అంగుళం గొట్టానికున్న పెద్ద కుళాయి పూర్తిగా తిప్పాను. పంపు ఆపి ఉన్నప్పుడు బకెట్టు నిండటానికి 33 సెకన్లు పట్టింది. నిమిషానికి 27 లీటర్లన్నమాట. పంపు వేశాక 17 సెకన్లు, అంటే 53 లీటర్లు. ఇది ఒక్క కుళాయి సంగతి. పొద్దున్నపూట పైనా కిందా అందరూ ఒకేసారి నీళ్లు వాడితే ఇంకా ఎక్కువే పోతుంది.

53 లీటర్ల దగ్గర తొమ్మిది సెకన్లు కాస్తా ఐదయ్యాయి. 40 మిల్లీజౌళ్లు 23కి పడిపోయాయి. దీపం సంక్రాంతికే మార్చారు కాబట్టి దోషం దానిది కాదు.

"సగానికి కొంచెం పైనే ఉందిగా అల్లుడూ, సగం క్రిములన్నా చస్తాయి" అన్నారు మావయ్య. నేనూ మొదట్లో అట్లాగే అనుకునేవాణ్ని. ఇక్కడే పొరపాటు పడతాం. పసిపిల్లల విరేచనాలకు పేరుపడ్డ రోటావైరస్‌ని తీసుకోండి. సుమారు 10 మిల్లీజౌళ్లు పడితే పదింట ఒకటి మిగులుతుంది. మరో పది పడితే ఆ మిగిలినదాంట్లో పదింట ఒకటి. అట్లా 40 పడితే పదివేలలో ఒక్కటి. మరి 23 పడితే? పదివేలలో యాభైకి పైనే. నీటి ప్రవాహం రెండు రెట్లు కూడా పెరగలేదు, తప్పించుకున్నవి యాభై రెట్లయ్యాయి! మావయ్య ఈ మాట వినగానే కళ్లజోడు పెట్టుకుని పాత డైరీ వెనక లాగరిథమ్ లెక్క తనే వేసి చూసుకున్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ రిపోర్టు. మామూలు పరీక్షలో వెతికేది కోలిఫారం బాక్టీరియాను. ఆ జాతిలోని ఈ. కోలై అతినీలలోహితానికి మహా సుకుమారం. 10 మిల్లీజౌళ్లలోపే వేయింట ఒకటి కూడా మిగలదు. కనక 23 మిల్లీజౌళ్లు పడ్డ నీళ్లలో కోలిఫారం కనబడకపోవడంలో వింత లేదు. రిపోర్టు అబద్ధం చెప్పలేదు, తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పింది. పిల్ల జబ్బు ఆ నీళ్ల వల్లే వచ్చిందని నేను రుజువు చెయ్యలేను. రాలేదని ఆ రిపోర్టూ రుజువు చెయ్యలేదు.

ఐదు సెకన్లన్నది సగటు మాత్రమేనని కూడా గమనించాలి. యంత్రంలోకి జోరుగా దూసుకొచ్చిన నీళ్లలో కొంత భాగం అడ్డదారిన స్టీలు గోడ వెంబడే పోయి, దీపానికి దూరంగానే బయటపడుతుంది. నీళ్లు మసకగా ఉంటే గోడ దగ్గరికి చేరే కిరణాలు మరీ తగ్గుతాయి. అందుకే ముందు 5 మైక్రాన్ల వడపోత ఉంటుంది. అది పూడుకుపోతే ప్రవాహం తగ్గుతుంది, క్రిముల లెక్కన అది మంచిదే గాని, ధార సన్నబడిందని జనం వడపోతనే పీకి పారేస్తారు! పీడనంతో వేరే తంటా కూడా ఉంది. వాషింగ్ మిషను వాల్వు టక్కున మూసుకుంటే పారే నీరు గోడకు గుద్దుకున్నట్టు ఆగుతుంది. గట్టి లోహపు గొట్టంలో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీరు అట్లా ఆగితే 10 కిలోలకు పైగా పీడనం క్షణకాలం లేస్తుంది. క్వార్ట్జ్ తొడుగు చివర్ల రబ్బరు రింగులు కారడం మొదలయ్యేది ఇట్లాంటి దెబ్బలకే.

అసలు పీడనం లేకుండానే ఈ పని చెయ్యొచ్చని చూపించినవాడు మన దేశంలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్. 1992-93లో కొత్తరకం కలరా మన దేశంలో ప్రబలినప్పుడు, అమెరికాలోని బర్క్‌లీలో ఆయన ఒక పరికరం రూపొందించారు. అందులో దీపం నీళ్లలో మునగదు, పైన ఉంటుంది. దాని కింద పళ్లెంలాంటి తొట్టిలో నీరు తన బరువుతో తానే పారుతుంది, నిమిషానికి 15 లీటర్లు. పంపు చెడిపోవడమూ, తొడుగుకు పాచి పట్టడమూ అనే బాధలే లేవు. 2000ల దశకంలో మన కృష్ణా జిల్లా పల్లెల్లో కూడా ఈ పద్ధతి నీటికేంద్రాలు వెలిశాయి.

మావయ్య ఇంట్లో ఏం చెయ్యాలన్నది రెండు రోజులు చర్చ జరిగింది. పంపు పీకేద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. మరో యంత్రం పక్కన పెట్టి నీళ్లు చెరిసగం పంచవచ్చు గాని డబ్బు కావాలి. చివరికి ప్రవాహాన్ని అదుపుచేసే చిన్న రబ్బరు బిళ్ల తెప్పించాం. పీడనం పెరిగినకొద్దీ దాని మధ్య రంధ్రం ముడుచుకుంటుంది. కనక పంపు ఎంత తోసినా 30 లీటర్లకు మించి పోదు. యంత్రానికి ముందు గొట్టంలో దాన్ని ఇరికించి, పంపు వేసి, మళ్లీ బకెట్టు పెట్టాను. ఈసారి గడియారం పట్టుకున్నది మావయ్య. 31 సెకన్లు.

సాయంత్రం మేడ మీద స్నానం చేసి వచ్చిన అత్తయ్య, ఒక్క షవరే తిప్పితే ధార బాగానే ఉందనీ, కింద ఎవరైనా పెరటి కుళాయి తిప్పితే మాత్రం ఊరుకోననీ చెప్పింది. పెరటి కుళాయి దగ్గర ఇప్పుడొక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద మావయ్య చేతిరాతలో "ఉదయం 6 నుంచి 8 వరకు తిప్పరాదు" అని ఉంది.