ద్రవ క్రోమటోగ్రఫీ కాలమ్‌లు, స్థిర ప్రావస్థలు: అవశేష విశ్లేషణ దృష్ట్యా ఒక పరిశీలన

మిరప, వేరుశనగ, మామిడి వంటి పంటల నమూనాలను పురుగుమందుల అవశేషాల పరీక్షకు పంపినప్పుడు వచ్చే నివేదికలో అనేక మందుల పేర్లకు ఎదురుగా ‘గుర్తించబడలేదు’ అని ఉండటం సాధారణం. దీనిని ‘ఏ మందూ లేదు’ అని చదువుకోవడం కూడా అంతే సాధారణం. ఈ రెండు మాటలకూ మధ్య చాలా దూరం ఉంది. పరికరం ఎంత ఖరీదైనదైనా, కాలమ్ పట్టి ఉంచలేని అణువును గురించి అది నమ్మదగిన సమాచారం ఇవ్వలేదు. కాలమ్ లోపల ఏముంది, అందులో ఇన్నేళ్లలో ఏమి మారింది అన్న విషయం విశ్లేషకునితో పాటు, నివేదికను రైతుకు వివరించవలసిన విస్తరణ శాస్త్రవేత్తకు కూడా అవసరమే.

ఈ పద్ధతి పుట్టినది వృక్షశాస్త్రంలో. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ స్వెట్ గాజు గొట్టంలో కాల్షియం కార్బొనేట్ పొడిని కూర్చి, ఆకులలోని వర్ణద్రవ్యాలను వేర్వేరు రంగు పట్టీలుగా విడదీశాడు. 1906లో ఆయన ప్రచురించిన వ్యాసాలతోనే ‘క్రోమటోగ్రఫీ’ అన్న పేరు స్థిరపడింది. 1941లో మార్టిన్, సింజ్‌లు ఉన్నిలోని అమైనో ఆమ్లాలను విడదీసే ప్రయత్నంలో విభజన క్రోమటోగ్రఫీకి పునాది వేశారు. అత్యంత సూక్ష్మమైన కణాలనూ, కాలమ్ పొడవునా అధిక పీడన భేదాన్నీ వాడితే ఉత్తమ ఫలితం లభిస్తుందని వారు ఆ వ్యాసంలోనే సూచించారు. 1952లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఆ సూచనను అమలుపరచగల పంపులు, కణాలు మాత్రం 1960ల చివరి వరకు సమకూరలేదు.

కణ పరిమాణం, పీడనం

కాలమ్‌లో ప్రయాణించే అణువుల పట్టీ మూడు కారణాల వల్ల వెడల్పవుతుందని 1956 నాటి వాన్ డీమ్టర్ సమీకరణం వివరిస్తుంది: కణాల మధ్య దారులు ఒకే పొడవున లేకపోవడం, కాలమ్ పొడవునా జరిగే విసరణ, కణ రంధ్రాలలోకి వెళ్లి తిరిగి రావడానికి పట్టే జాప్యం. కణం చిన్నదయ్యే కొద్దీ మొదటి, మూడవ కారణాల ప్రభావం తగ్గి శిఖరాలు సన్నబడతాయి. 1970లలో 10 మైక్రోమీటర్లుగా ఉన్న కణం క్రమంగా 5కు, 3కు తగ్గి, 2004లో మార్కెట్‌లోకి వచ్చిన అత్యధిక పీడన పరికరాలతో 1.7కు చేరింది.

దీనికి చెల్లించవలసిన మూల్యం పీడనం. పొడవు, ప్రవాహ వేగం మారకుండా ఉంటే, పీడనం కణ వ్యాసపు వర్గానికి విలోమానుపాతంలో పెరుగుతుంది. 5 మైక్రోమీటర్ల కాలమ్ 100 బార్ల వద్ద పనిచేస్తుంటే, 1.7 మైక్రోమీటర్ల కాలమ్‌కు దాదాపు 860 బార్లు కావాలి. 400 బార్లకు రూపొందిన పాత పరికరం దీనిని భరించలేదు.

ఇక్కడే ఘన గర్భ కణాల ప్రాముఖ్యం కనిపిస్తుంది. 2006లో వచ్చిన 2.7 మైక్రోమీటర్ల కణంలో 1.7 మైక్రోమీటర్ల ఘన గర్భం, దానిపై 0.5 మైక్రోమీటర్ల మందాన రంధ్రయుత పొర ఉంటాయి. పై లెక్క ప్రకారం దీనికి సుమారు 340 బార్లు చాలు. సామర్థ్యం మాత్రం 2 మైక్రోమీటర్లకు లోపు కణాలకు చేరువగా ఉంటుంది. పొర పలుచన కావడం వల్ల అణువు త్వరగా బయటికి వస్తుందని, అదే దీని రహస్యమని మొదట్లో ప్రచారం జరిగింది. చిన్న అణువుల విషయంలో ఇది పూర్తి వివరణ కాదు. కణాలు ఏకరీతిగా ఉండి కూర్పు చక్కగా కుదరడం, ఘన గర్భంలో విసరణకు చోటు లేకపోవడం అంతకంటె బలమైన కారణాలుగా తేలాయి.

కొత్త పరికరానికి నిధులు లేని ప్రయోగశాలలకు నా సూచన ఇదే: ఉన్న పరికరంపై 4.6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల ఘన గర్భ కాలమ్‌ను వాడి చూడాలి. 2.1 మిల్లీమీటర్ల సన్నని కాలమ్‌ను పాత పరికరానికి తగిలిస్తే, పొడవాటి అనుసంధాన గొట్టాలలో, డిటెక్టర్ గదిలో పట్టీ మళ్లీ వెడల్పై, కాలమ్ సాధించినదంతా వృథా అవుతుంది. ఏకఖండ సిలికా కాలమ్‌లు కూడా తక్కువ పీడనంతో పనిచేస్తాయి. అవశేష విశ్లేషణలో వాటి వాడకం పరిమితమే.

స్థిర ప్రావస్థ ఎంపిక

కణ పరిమాణం శిఖరాన్ని సన్నబరుస్తుంది. ఒక అణువును మరొక అణువు నుండి వేరుచేసేది ప్రధానంగా స్థిర ప్రావస్థ. పద్దెనిమిది కార్బన్‌ల గొలుసును సిలికాకు అతికించిన సి18 ప్రావస్థ నేటికీ అత్యధికంగా వాడుకలో ఉంది. తొలితరం సిలికాలోని లోహ మలినాలు, మిగిలిపోయిన సిలనాల్ సమూహాలు క్షార స్వభావం గల అణువులను పట్టి లాగడం వల్ల శిఖరాలకు తోకలు వచ్చేవి. అధిక శుద్ధత గల సిలికా, సిలనాల్‌లను కప్పివేసే ప్రక్రియ ఈ దోషాన్ని చాలావరకు తొలగించాయి. సాధారణ సిలికా 2 నుండి 8 పిహెచ్ మధ్య మాత్రమే మన్నుతుంది. సేంద్రియ సమూహాలను సిలికా చట్రంలోనే కలిపిన సంకర కణాలలో కొన్ని 12 వరకు తట్టుకుంటాయి. సి18పై కలిసిపోయే సుగంధ వలయ అణువులను ఫినైల్ ప్రావస్థ కొన్నిసార్లు సులువుగా విడదీస్తుంది. సన్నని కణాలకు డబ్బు పెట్టే ముందు ప్రావస్థ మార్చి చూడటం తెలివైన పని.

అయితే సి18కు అసలు లొంగని అణువులున్నాయి. గ్లైఫోసేట్‌ను తీసుకుందాం. ఒకే చిన్న అణువులో ఫాస్ఫోనిక్, కార్బాక్సిలిక్, అమైన్ సమూహాలు ఉండటం వల్ల అది నీటిని వదలదు. బహుళ అవశేష విశ్లేషణకు 2003 నుండి వ్యాప్తిలో ఉన్న క్వెచర్స్ పద్ధతిలో నమూనాను అసిటోనైట్రైల్‌తో సంగ్రహిస్తారు. గ్లైఫోసేట్ ఆ ద్రావణిలోకి రానే రాదు. వచ్చినా సి18 దానిని నిలుపలేదు, ద్రావణితో పాటే కొట్టుకుపోతుంది. పారాక్వాట్, ఎథెఫాన్‌ల పరిస్థితీ ఇంచుమించు ఇదే. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకు పరిమితం చేసింది. ఆ నియంత్రణ పొలంలో అమలవుతున్నదా అని సాధారణ బహుళ అవశేష నివేదికను చూసి తేల్చబూనడం నిష్ప్రయోజనం.

ఇటువంటి అణువులకు రెండు మార్గాలున్నాయి. ఎఫ్‌మాక్ కారకంతో చర్య జరిపి, గ్లైఫోసేట్‌ను సి18 పట్టుకోగల రూపంలోకి మార్చడం పాత మార్గం, శ్రమ ఎక్కువ. అణువును మార్చకుండా ప్రావస్థనే మార్చడం రెండవది. 1990లో ఆల్పర్ట్ నామకరణం చేసిన హిలిక్ విధానంలో ధ్రువీయ తలంపై ఏర్పడే పలుచని నీటి పొరలోకి అణువు విభజన చెందుతుంది. రంధ్రయుత గ్రాఫైట్ కార్బన్, అయాన్ మార్పిడి, మిశ్రమ విధాన ప్రావస్థలు కూడా ఉన్నాయి. జర్మనీలోని స్టట్‌గార్ట్ యూరోపియన్ సమాఖ్య రిఫరెన్స్ ప్రయోగశాల రూపొందించిన క్యూపే పద్ధతి ఆమ్లీకృత మిథనాల్‌తో సంగ్రహించి, ఇటువంటి కాలమ్‌లను వాడుతుంది. కార్బన్ కాలమ్ కొంచెం మొండిది. పాలకూర సారం వంటి దానిని పలుమార్లు ఎక్కించి మచ్చిక చేసుకుంటే గాని నిలకడగా పనిచేయదు. ఫాస్ఫోనేట్‌లు ఉక్కు గొట్టపు గోడకు అంటుకునే ఇబ్బందిని తగ్గించడానికి లోపలి తలంపై జడ పూత గల కాలమ్‌లు ఇటీవల అందుబాటులోకి వచ్చాయి.

ఎండుమిరప నమూనాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. అందులోని కెరోటినాయిడ్‌లు, నూనెలు సి18పై గట్టిగా నిలిచిపోయి, తరువాతి నమూనాల సంకేతాన్ని అణచివేస్తాయి. రక్షక కాలమ్‌ను అమర్చడం, సారాన్ని 0.2 మైక్రోమీటర్ల ఫిల్టరుతో వడపోయడం, ప్రతి పరుగు చివర బలమైన ద్రావణితో కడగడం తప్పనిసరి. ప్రత్యేక పరిమితి నిర్ణయించని మందులకు కిలోకు 0.01 మిల్లీగ్రాముల సాధారణ పరిమితి వర్తించే చోట, సంకేతం సగానికి పడిపోతే సరుకు భవితవ్యమే మారుతుంది.

నివేదిక చేతికి వచ్చినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ముందుగా పరీక్షించిన మందుల జాబితాను, ప్రతి మందుకు ఇచ్చిన పరిమాణ నిర్ధారణ పరిమితిని, సంగ్రహణ పద్ధతిని చూడాలి. రైతు వాడిన మందు ఆ జాబితాలో లేకపోతే దాని గురించి నివేదిక ఏమీ చెప్పనట్లే. అప్పుడు రైతు పిచికారీ వివరాలను జతచేసి, ఆ మందు పేరుతో ప్రత్యేక పరీక్షను కోరుతూ నమూనాను తిరిగి పంపాలి.