పాట కౌలుకిచ్చారా, అమ్మేశారా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాటకు కొదవ లేదు. ఉడుపుల్లో పాట. కోతల్లో పాట. అమ్మవారి సంబరంలో పాట. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. అప్పుడు తప్పెటగుళ్ల చప్పుడు ఊరంతా వినిపిస్తుంది.

తప్పెటగుళ్ల వాళ్లు గుండె మీద రేకు తప్పెట కట్టుకుంటారు. రెండు చేతులా వాయిస్తారు. కాళ్లకు గజ్జెలు కట్టి గెంతుతూ పాడతారు. జముకుల కథ వాళ్ల వాయిద్యం వేరు. జముకుకు ఒక వైపు తోలు మూసి ఉంటుంది. దానికి తీగె కట్టి ఉంటుంది. ఆ తీగెను మీటుతూ తెల్లవార్లూ కథ చెబుతారు.

ఇది వాళ్లకు కళ. ఇదే వాళ్లకు కూడు కూడా. కూలి పని చేసినవాడు కూలి అడుగుతాడు. పాట పాడినవాడు కూడా తన కూలి అడగాలి. కానీ పాటకు కూలి ఒక్కటే కాదు. హక్కు కూడా ఉంది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

ఒక కాగితం కథ

ఒక ఊళ్లో జముకుల కథ చెప్పే గురువు ఉన్నాడనుకుందాం. పట్నం నుంచి ఒకాయన కెమెరా పట్టుకుని వచ్చాడు.

"గురువుగారూ, మీ కథ వీడియో తీస్తాం. ఫోన్లలో అందరూ చూస్తారు. ఇదిగో 2,000 రూపాయలు. ఈ కాగితం మీద సంతకం పెట్టండి" అన్నాడు.

"కాగితంలో ఏటుంది బాబూ?" అన్నాడు గురువు.

"ఏమీ లేదు. మామూలు కాగితమే."

గురువు కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆమె ముందుకు వచ్చింది.

"కాసింత ఆగు మావా. సదవకుండా సంతకం ఎట్టకు" అంది. కాగితం చూసింది. అది ఇంగ్లీషులో ఉంది.

"బాబూ, ఇది తెలుగులో రాయించి తెండి" అంది.

"మా మీద నమ్మకం లేదా అమ్మా?"

"నమ్మకం ఉంది బాబూ. కాగితం మీద ఉంటే మీకూ గురుతుంటాది, మాకూ గురుతుంటాది."

మర్నాడు తెలుగు కాగితం వచ్చింది. కోడలు కూడబలుక్కుని పైకి చదివింది. "ఈ కథను ఎప్పటికీ, ఎక్కడైనా, ఏ రూపంలోనైనా వాడుకునే పూర్తి హక్కు ఇచ్చేశాను" అని ఉంది.

గురువు ఉలిక్కిపడ్డాడు. "ఒక్క రాత్రి కథ అనుకున్నాను. ఇది బూమి అమ్మేసినట్టు ఉందే! నాను కౌలుకిత్తానన్నాను గానీ అమ్ముతానన్నానేటి?" అన్నాడు.

కౌలు వేరు, అమ్మకం వేరు

గురువు అన్న మాట సరైనదే. పొలం కౌలుకిస్తే గడువు ఉంటుంది. గడువు తీరాక పొలం మళ్లీ మన చేతికి వస్తుంది. అమ్మేస్తే రాదు. పాట కూడా అంతే. ఒకసారి పాడడానికి ఒప్పుకోవడం వేరు. దాన్ని వీడియో తీయనివ్వడం వేరు. పాట మీద హక్కు మొత్తం రాసివ్వడం వేరు. మూడింటికీ ధర ఒకటే కాకూడదు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1957లో కాపీరైట్ చట్టం చేశారు. పాట రాసినవారికి ఆ పాట మీద హక్కు ఉంటుంది. ఆ హక్కు రాసినవారు బతికున్నంత కాలం ఉంటుంది. చనిపోయిన తరువాత ఇంకో 60 ఏళ్లు వారసులకు ఉంటుంది.

విజయనగరంలో ఉండి 'కన్యాశుల్కం' రాసిన గురజాడ అప్పారావు 1915లో చనిపోయారు. గడువు ఎప్పుడో దాటింది. ఆ నాటకాన్ని ఇప్పుడు ఎవరైనా అచ్చు వేయవచ్చు, ఆడవచ్చు. పార్వతీపురం ప్రాంతానికి చెందిన వంగపండు ప్రసాదరావు 2020లో చనిపోయారు. ఆయన రాసిన పాటల మీద హక్కు 2080 చివరి దాకా ఉంటుంది.

మరి తాతల నాటి పాట ఎవరిది? దాన్ని ఎవరు కట్టారో తెలియదు. ఆ పాట అందరిదీ. కానీ పాడిన గొంతు పాడినవారిదే. ఆడిన ఆట ఆడినవారిదే.

మొదట్లో చట్టంలో పాడేవారికి, ఆడేవారికి ఏ హక్కూ లేదు. 1994లో చట్టం మార్చారు. వారికి హక్కు వచ్చింది. ఇప్పుడు ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. అనుమతి లేకుండా వారి పాటను రికార్డు చేసి అమ్ముకోవడం తప్పు. ఎవరైనా తాము చూసుకోవడానికి మాత్రమే ఫోనులో తీసుకుంటే తప్పు లేదు.

సినిమా పాటల మీద కూడా పెద్ద తగువు నడిచింది. 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. డబ్బిచ్చి సినిమాకు పాట రాయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు నిర్మాతదే అంది. 2012లో చట్టం మళ్లీ మార్చారు. సినిమా పాటను హాలు బయట వ్యాపారానికి వాడుకుంటే, పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో వాటా ఉంటుంది. ఆ వాటా వద్దని రాయించుకున్నా చెల్లదు. పాడినవారికి, ఆడినవారికి కూడా రాయల్టీ అడిగే హక్కు వచ్చింది.

ఇది దూరపు సంగతి కాదు. 2020లో 'పలాస 1978' అనే సినిమా వచ్చింది. అందులో ఈ ప్రాంతపు జానపద పాట ఉంది. ఊరి పాట సినిమాకు వెళ్లే రోజులివి. కాగితం సంగతి ఊరికి తెలిసి ఉండాలి.

నోటిమాట చాలదు

హక్కు రాసివ్వాలంటే కాగితం ఉండాలి. దాని మీద సంతకం ఉండాలి. నోటిమాటతో హక్కు పోదు. ఎన్నేళ్లకు ఇచ్చారో కాగితంలో రాయకపోతే 5 ఏళ్లే అని చట్టం చెబుతోంది. అందుకే "ఎప్పటికీ" అనే మాట కనబడితే ఆగాలి. అడగాలి.

హక్కు రాసిచ్చినా పేరు పోదు. "ఈ పాట నాది. నా పేరు వేయండి" అని రాసినవారు అడగవచ్చు. పాటను పాడుచేసి పరువు తీస్తే అడ్డుకోవచ్చు.

ఫొటోలు తీసేవారు, బొమ్మలు వేసేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎవరైనా డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, బొమ్మ వేయించుకుంటే హక్కు వారిదే అవుతుంది. వేరేగా కావాలంటే ముందే కాగితం రాసుకోవాలి.

కాగితంలో ఏం రాయాలి?

1. ఎవరు పిలిచారు? ఏ ఊరు? ఏ తేదీ?
2. బృందంలో ఎంతమంది? ఎన్ని గంటల ఆట?
3. మొత్తం ఎంత? బయానా ఎంత? మిగతాది ఎప్పుడు?
4. దారి ఖర్చు, భోజనం ఎవరిది?
5. వాన వచ్చి ఆట ఆగితే బయానా ఎవరికి?
6. వీడియో తీయవచ్చా? ఎక్కడ చూపిస్తారు? ఎన్నేళ్లు?
7. దాని మీద డబ్బు వస్తే బృందానికి వాటా ఎంత?
8. ఎవరి పేర్లు వేస్తారు?

కాగితం రెండు ప్రతులు రాయాలి. రెండింటి మీదా ఇద్దరి సంతకాలు ఉండాలి. ఇద్దరు సాక్షులు ఉంటే మంచిది. ఒక ప్రతి బృందం దగ్గరే ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. వేలిముద్ర అసలే వేయకూడదు.

కథలోని గురువు కూడా ఇలాగే రాయించాడు. వీడియో రెండేళ్లకు మాత్రమే ఇచ్చాడు. డబ్బులో వాటా అడిగాడు. కెమెరా ఆయన కాసేపు బేరమాడాడు. చివరకు ఒప్పుకున్నాడు. వీడియోలో జముకు మీటినవారి పేరు కూడా వేశారు.

అన్యాయం జరిగితే?

ముందు కాగితం చూపించి అడగాలి. వినకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. అది జిల్లా కోర్టు దగ్గర ఉంటుంది. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి అక్కడ ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోను కూడా చేయవచ్చు. తన పాటను దొంగిలించినవాడు హైదరాబాదులో ఉన్నా, చెన్నైలో ఉన్నా అంత దూరం వెళ్లనక్కరలేదు. తాను ఉంటున్న జిల్లా కోర్టులోనే కేసు వేయవచ్చు.

పాట నోటితో వస్తుంది. దాని హక్కు కాగితం మీద నిలుస్తుంది. చదవడం వచ్చినవారు ఇంట్లో ఒక్కరున్నా ఆ ఇంటి పాట అయినకాడికి అమ్ముడుపోదు.

కొత్త మాటలు

బయానా: పని ఒప్పుకున్నప్పుడు ముందుగా ఇచ్చే డబ్బు.
కాపీరైట్: రాసిన, కట్టిన, గీసినదాని మీద ఉండే హక్కు.
రాయల్టీ: వాడుకున్నప్పుడల్లా హక్కుదారుకు ఇచ్చే వాటా.

ఆలోచించండి, మాట్లాడండి

1. కోడలు కాగితాన్ని తెలుగులో ఎందుకు అడిగింది?
2. పాటను కౌలుకివ్వడానికి, అమ్మడానికి తేడా ఏమిటి?
3. మీ ఊళ్లో పాడేవారు, ఆడేవారు, బొమ్మలు వేసేవారు ఎవరున్నారు? వారు ఎప్పుడైనా కాగితం రాసుకున్నారా?
4. మీ ఊరి సంబరానికి ఒక బృందాన్ని పిలుస్తున్నారు. పై 8 విషయాలతో ఒక ఒప్పంద కాగితం రాయండి. అందరికీ చదివి వినిపించండి.