శబ్దం, శ్రవణం, మనస్సు

జపానికి కూర్చున్నంతనే వీధిలోని చప్పుళ్లన్నీ చెవిలోకి వచ్చి పడుతున్నాయని, దీనికి ఉపాయమేమిటని భక్తులు తరచుగా నన్ను అడుగుతుంటారు. "మనస్సు నిలిస్తే ఏ శబ్దమూ బాధించదు" అని కొందరు పెద్దలు ఒక్కమాటలో సమాధానం చెబుతారు. ఆ మాటలో సత్యం సగమే ఉన్నది. తక్కిన సగం కూడా తెలిసినప్పుడే మన కర్తవ్యం తెలుస్తుంది.

తర్కశాస్త్రం చదివేవారు మొదట పఠించే గ్రంథం తర్కసంగ్రహం. దానిని రచించిన అన్నంభట్టు మన తెలుగువాడు. ఈ శాస్త్రం ప్రకారం శబ్దం ఆకాశానికి గుణం. చెవి రంధ్రంలోని ఆకాశమే శ్రోత్రేంద్రియం. భేరిపై దెబ్బ పడినచోట పుట్టిన శబ్దం, నీటిలో అల నుండి అల పుట్టినట్లు, ఒకదాని నుండి మరొకటిగా పుడుతూ చెవిని చేరుతుంది. దీనినే వీచీతరంగన్యాయం అంటారు. దుఃఖమో, ఆత్మకు గుణం. ప్రతికూలంగా అనుభవానికి వచ్చేదే దుఃఖం. కాబట్టి చప్పుడు ఉండే చోటు వేరు, విసుగు ఉండే చోటు వేరు. ఆ రెండింటికీ నడుమ నిలిచేది మనస్సు.

మనస్సు అణువంతటిదని, ఒక క్షణంలో ఒక ఇంద్రియంతోనే కూడగలదని నైయాయికులు చెప్పారు. చెవి తెరిచే ఉన్నా మనస్సు అక్కడ లేకపోతే వినికిడి లేదు. మనం వినడం మనస్సుతోనే అని బృహదారణ్యకోపనిషత్తు కూడా బోధిస్తున్నది. వేదపాఠశాలలో ఒకే మండపంలో నాలుగు వరుసల పిల్లలు నాలుగు వేర్వేరు పన్నాలు వల్లిస్తుంటారు. ఎవరి పాఠం వారికే వినబడుతుంది. కాని గురువుగారు ఆ మూల నుండి పేరు పెట్టి పిలిస్తే ఆ పిల్లవాడు వెంటనే తల ఎత్తుతాడు. 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రజ్ఞుడు రెండు చెవులకు రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, శ్రద్ధ పెట్టని ప్రసంగంలోని విషయం వినేవారికి దాదాపు ఏమీ తెలియలేదని చూపాడు. 1959లో నెవిల్ మోరే, అలా వదిలివేసిన చెవిలో పలికినా తమ పేరు మాత్రం కొందరు గుర్తించారని కనుగొన్నాడు.

కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు. నిద్రలోనూ అది కాపలా కాస్తూనే ఉంటుంది. బిడ్డ ఏడిస్తే తల్లికి మెలకువ రావడం అందువల్లనే.

ఇక ఏ శబ్దం ఎక్కువ విసిగిస్తుంది? అన్నంభట్టు శబ్దాన్ని ధ్వని అని, వర్ణం అని రెండుగా విభజించాడు. భేరీనాదం వంటిది ధ్వని. భాషగా పలికేది వర్ణం. ఎడతెగక తిరిగే ఫ్యాను ధ్వనిని కాసేపటికి మరచిపోతాము. పక్కవారు ఫోనులో మాట్లాడే మాటను మరవలేము. అర్థం వెతకడం మనస్సుకు స్వభావం. సగం మాటే వినబడినప్పుడు అది మరింతగా అటే పోతుంది. ఎప్పుడు వస్తుందో తెలియని చప్పుడు కూడా ఇటువంటిదే.

అన్నిటికన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే పరిశోధకులు 1972లో ప్రచురించిన గ్రంథంలో ఒక ప్రయోగాన్ని వివరించారు. పెద్ద చప్పుడు మధ్య కూర్చున్నవారిలో కొందరికి, కావాలంటే నొక్కి చప్పుడు ఆపవచ్చునని ఒక మీట ఇచ్చారు. వారిలో ఎక్కువమంది దానిని నొక్కనే లేదు. అయినా, తరువాత ఇచ్చిన పనులను మీట లేనివారికంటే మెరుగుగా చేశారు. ఆపగలననే నమ్మకమే వారికి ఊరట అయినది. మైకు పెట్టినవానికి అది మోత అనిపించకపోవడానికి కారణం ఇదే. మీట అతని చేతిలో ఉన్నది. పక్క ఇంటి రోగి చేతిలో, పరీక్షకు చదివే విద్యార్థి చేతిలో లేదు.

అందుచేత "మనస్సు నిలుపుకో" అనే ఉపదేశం మనకు మనం చెప్పుకోవలసినది; మన మోత భరించేవానికి చెప్పవలసినది కాదు. మితిమీరిన శబ్దం మనస్సుతో పని లేకుండానే చెవిని చెరుస్తుంది, నిద్రను పాడుచేస్తుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లను హద్దుగా నిర్ణయించాయి. ఉత్సవదినాలలో ప్రభుత్వం ఇచ్చే పరిమితమైన సడలింపు తప్ప, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట మైకులు వాడరాదు. పొరుగువారి శాంతిని భంగపరచి మైకులతో ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు అదే సంవత్సరంలో ఒక తీర్పులో స్పష్టం చేసింది.

సాధకులకు నా మనవి: శబ్దంతో పోరాడకండి. దానిని తరమబోతే మనస్సు దాని వద్దకే వెళుతుంది. మానసజపం నిలవనప్పుడు పెదవి కదిలే ఉపాంశుజపం చేయండి. అదీ నిలవకపోతే మెల్లగా పైకి పలికి, మీ స్వరాన్నే మీరు వినండి. మనస్సుకు పట్టుకొనేందుకు ఒకటి దొరికితే తక్కినవి తామే సడలుతాయి.

దాతలకు నా మనవి: మైకులు సమర్పించేటప్పుడు గోపురంపై వీధివైపు తిరిగేవి కాక, మండపంలో కూర్చున్నవారికి మాత్రమే వినబడే చిన్నవి ఇవ్వండి. ఉత్సవం ఏ రోజు, ఎన్ని గంటలకు ముగుస్తుందో ఇరుగుపొరుగులకు ముందే తెలియజేసి, ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలో కూడా చెప్పించండి. అప్పుడు మీట వారి చేతికి కూడా అందినట్లే. యాత్రికులు సత్రంలోను, దర్శనం వరుసలోను ఫోనులో పాటలు పైకి వినిపించకుండా ఉంటే, పక్కన జపం చేసుకొనే వారికి అదే గొప్ప ఉపకారం.