పేటెంటు కార్యాలయం నుండి న్యాయపీఠానికి

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక నిర్ణయానికి వచ్చే ముందు ఆధారాన్ని పరీక్షించడం న్యాయాధికారికి ఎంత అవసరమో సామాన్య పాఠకునికీ అంతే అవసరం. అమెరికాలో పేటెంటు కమిషనరుగా పనిచేసి, తరువాత న్యాయమూర్తి అయిన చార్లెస్ హాలండ్ డ్యూయెల్ జీవితం ద్వారా ఈ విషయాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కనిపెట్టవలసినదంతా కనిపెట్టడం అయిపోయిందని, ఇక కొత్తగా కనిపెట్టడానికి ఏమీ మిగలలేదని 1899లో అమెరికా పేటెంటు కార్యాలయాధిపతి ప్రకటించాడనే కథ ఒకటి లోకంలో ప్రచారంలో ఉంది. వ్యక్తిత్వ వికాస గ్రంథాలలోను, వక్తల ఉపన్యాసాలలోను ఇది తరచు వినిపిస్తుంది. గొప్ప పదవులలో ఉన్నవారు సైతం భవిష్యత్తును ఊహించలేక పొరబడతారనడానికి దీనిని ఉదాహరణగా చూపుతారు. ఆ అధికారి పేరు చార్లెస్ హాలండ్ డ్యూయెల్. నిజంగా ఆయన ఆ మాట అన్నాడా? అన్నాడనడానికి ఆధారమేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవాలంటే ముందుగా ఆయన నిర్వహించిన పదవి ఎటువంటిదో, ఆయన జీవితం ఏ విధంగా సాగిందో తెలుసుకోవాలి.

నూతన వస్తువును గాని, నూతన విధానాన్ని గాని కనిపెట్టిన వ్యక్తికి ప్రభుత్వం కొంతకాలంపాటు ఇచ్చే ప్రత్యేక హక్కును పేటెంటు అంటారు. ఆ గడువులో అతని అనుమతి లేకుండా ఇతరులు ఆ వస్తువును తయారు చేయరాదు, అమ్మరాదు. అందుకు ప్రతిఫలంగా అతడు తాను కనిపెట్టిన దాని మర్మాన్ని దాచుకోకుండా సవివరంగా వెల్లడించాలి. గడువు తీరిన తరువాత అది అందరి సొత్తవుతుంది. డ్యూయెల్ కాలంలో అమెరికాలో ఈ గడువు 17 సంవత్సరాలు.

అయితే అడిగిన ప్రతివారికీ ఈ హక్కు లభించదు. దరఖాస్తులో చెప్పినది నిజంగా కొత్తదేనా? దానిని ఇంతకు ముందే ఎవరైనా ఎక్కడైనా ప్రకటించారా? ఒకే వస్తువును తామే కనిపెట్టామని ఇద్దరు పోటీ పడితే వారిలో ముందు కనిపెట్టినవారు ఎవరు? ఈ ప్రశ్నలన్నింటినీ ఆధారాలతో తేల్చవలసిన బాధ్యత పేటెంటు అధికారిది. అందుచేత ఆ పని పైకి కార్యాలయ నిర్వహణగా కనిపించినా, స్వభావాన్ని బట్టి అది న్యాయవిచారణ వంటిదే.

వివాదాన్ని పరిష్కరించడానికి మన ధర్మశాస్త్రాలు లిఖితం, భుక్తి, సాక్షి అని మూడు ప్రమాణాలను చెప్పాయి. లిఖితం అంటే పత్రం. భుక్తి అంటే అనుభవంలో ఉండటం. సాక్షి అంటే జరిగినదానిని స్వయంగా చూసినవాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర అనే వ్యాఖ్యను 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ అనే పేరుతో తెనిగించాడు. అందువల్ల న్యాయవిచారణకు సంబంధించిన ఇటువంటి విషయాలు తెలుగువారికి తమ భాషలోనే ఆనాడే అందాయి.

పేటెంటు వివాదాలలో కూడా ఈ ప్రమాణాల అవసరం ఎంతటిదో పసుపు ఉదంతం నిరూపిస్తుంది. గాయాలను మాన్పడానికి పసుపును వాడే విధానంపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు లభించింది. మన దేశానికి చెందిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసింది. పసుపుకు ఆ గుణం ఉన్నట్లు పూర్వమే తెలిపిన గ్రంథాలను, ప్రచురిత రచనలను ఆధారాలుగా సమర్పించింది. ఫలితంగా 1997లో ఆ పేటెంటు రద్దయింది. మన ఇళ్లలో తరతరాలుగా దెబ్బలకు పసుపు అద్దుతున్నారన్న మాట ఒక్కటే అక్కడ చాలలేదు. భుక్తికి లిఖితం తోడైనప్పుడే మన వాదం నెగ్గింది.

ఇక డ్యూయెల్ జీవితానికి వద్దాం. ఆయన 1850లో న్యూయార్కు రాష్ట్రంలోని కోర్ట్‌లండ్‌లో జన్మించాడు. 1871లో హామిల్టన్ కళాశాల నుండి పట్టభద్రుడయ్యాడు. అనంతరం న్యాయశాస్త్రం అభ్యసించి, న్యూయార్కు నగరంలో న్యాయవాద వృత్తి చేపట్టాడు. రాష్ట్ర శాసనసభ సభ్యుడిగా కూడా పనిచేశాడు.

పేటెంటు కార్యాలయం ఆయన కుటుంబానికి కొత్తది కాదు. తండ్రి రొడాల్ఫస్ హాలండ్ డ్యూయెల్ 1875 నుండి 1877 వరకు పేటెంటు కమిషనరుగా ఉన్నాడు. అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కు టెలిఫోనుపై పేటెంటు లభించింది ఆ కాలంలోనే. 1876 ఫిబ్రవరి 14న బెల్ దరఖాస్తు కార్యాలయానికి చేరింది. టెలిఫోనుకు సంబంధించి ఎలిషా గ్రే అనే మరొక శాస్త్రజ్ఞుడి పత్రాలు కూడా అదే రోజున చేరాయి. మార్చి 7న పేటెంటు బెల్ పేరున వెలువడింది. వీరిద్దరిలో ఎవరు ముందు అనే వాదం ఆ తరువాత కూడా చాలాకాలం సాగింది. కమిషనరు కార్యాలయంలో ఒక కాగితం ఎప్పుడు చేరిందన్నది కూడా ఎంతటి విలువైన విషయమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

చార్లెస్ డ్యూయెల్ 1898లో తండ్రి కూర్చున్న పీఠాన్నే అధిష్ఠించి, 1901 వరకు ఆ పదవిలో కొనసాగాడు. ఆనాడు వాషింగ్టన్‌లో పేటెంటు కార్యాలయం ఉన్న విశాల భవనంలో నేడు కళా ప్రదర్శనశాలలు ఉన్నాయి. ఆయన పదవీకాలంలోనే, 1900 ఫిబ్రవరిలో, నేటికీ ఇంటింటా వాడే ఆస్పిరిన్ మందుకు అమెరికాలో పేటెంటు లభించింది.

ఈ కాలంలో డ్యూయెల్ పేరు అమెరికా న్యాయచరిత్రలో నిలిచిపోయే వ్యాజ్యం ఒకటి నడిచింది. ఒకే నూతన కల్పనకు ఇద్దరు పోటీ పడ్డారు. అంతకు ముందున్న కమిషనరు వారిలో ఒకరికి అనుకూలంగా నిర్ణయించాడు. రెండవ వ్యక్తి కొలంబియా జిల్లా అప్పీలు న్యాయస్థానాన్ని ఆశ్రయించి, అక్కడ గెలుపొందాడు. అప్పుడు ఓడిన వ్యక్తి, న్యాయస్థానం తీర్పును లెక్కచేయకుండా పేటెంటును తనకే ఇవ్వాలని డ్యూయెల్‌ను కోరాడు. డ్యూయెల్ అందుకు నిరాకరించాడు. కమిషనరు ప్రభుత్వ కార్యనిర్వాహక శాఖకు చెందినవాడు కనుక, అతని నిర్ణయాన్ని మార్చే అధికారం న్యాయస్థానానికి లేదని ఆ వ్యక్తి వాదించాడు. వ్యాజ్యం సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. వాదప్రతివాదాలు విన్న సర్వోన్నత న్యాయస్థానం 1899లో ఆ వాదాన్ని తోసిపుచ్చింది. పేటెంటు ఇవ్వదగునా కాదా అని తేల్చేటప్పుడు కమిషనరు చేసే పని న్యాయనిర్ణయం వంటిదేనని, అందువల్ల దానిపై అప్పీలు వినే అధికారాన్ని న్యాయస్థానానికి ఇచ్చిన చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది.

ఆరేళ్లు గడిచాయి. 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ డ్యూయెల్‌ను న్యాయమూర్తిగా నియమించాడు. అది కొలంబియా జిల్లా అప్పీలు న్యాయస్థానమే కావడం విశేషం. కమిషనరు నిర్ణయాలపై అప్పీళ్లు అప్పట్లో అక్కడికే వచ్చేవి. ఏ న్యాయస్థానం మాటకు తాను అధికారిగా తలవంచాడో, ఆ న్యాయస్థానంలోనే ఆయన న్యాయమూర్తిగా ఆసీనుడయ్యాడు. దరఖాస్తుదారుల పక్షాన వాదించే న్యాయవాదికి, వాటిని తేల్చే అధికారికి, ఆ అధికారి నిర్ణయాన్ని సమీక్షించే న్యాయమూర్తికి ఉండే దృష్టిభేదాలను ఒకే జీవితంలో తెలుసుకొనే అవకాశం ఆయనకు లభించింది. అయితే ఆయన ఆ పదవిలో ఎక్కువ కాలం ఉండలేదు. 1906లో రాజీనామా చేసి, మళ్లీ న్యూయార్కులో న్యాయవాద వృత్తిని చేపట్టాడు. 1920లో మరణించాడు.

మన దేశంలో కూడా పేటెంటు అధికారి మాటే తుది మాట కాదు. 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం కంట్రోలరు తీసుకొనే ముఖ్య నిర్ణయాలపై అప్పీలు చేసుకోవచ్చు. కొంతకాలం ఈ అప్పీళ్లను వినడానికి ప్రత్యేక అప్పీళ్ల బోర్డు ఉండేది. 2021లో దానిని రద్దు చేసిన తరువాత ఆ అధికారం హైకోర్టులకు వచ్చింది.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు తిరిగి రావచ్చు. డ్యూయెల్ ఆ మాట అన్నాడనడానికి లిఖితం ఉందా? ఆయన 1899 నాటి వార్షిక నివేదిక లభిస్తున్నది. దానిలో ఆ మాట లేదు సరికదా, దానికి పూర్తిగా విరుద్ధమైన భావం ఉంది. 1837లో 435గా ఉన్న పేటెంట్ల సంఖ్య 1899లో 25,527కు పెరిగినట్లు ఆ నివేదిక చూపుతుంది. దేశ ప్రగతికి నూతన కల్పనలే బలమైన సాధనాలన్న అధ్యక్షుడు మెకిన్లీ మాటలను డ్యూయెల్ అందులో ఉదాహరించాడు. పేటెంటు విధానాన్ని మెరుగుపరచడానికి చట్టసభ తోడ్పడాలని కూడా ఆశించాడు. కొత్తగా కనిపెట్టడానికి ఏమీ మిగలలేదని భావించే వ్యక్తి ఈ విధంగా కోరతాడా?

మరి ఈ కథ ఎలా పుట్టింది? పేటెంటు అధికారి ఒకడు, ఇక కనిపెట్టడానికి ఏమీ లేదని రాజీనామా చేశాడనే కథ అంతకు ముందే ప్రచారంలో ఉండేది. ఎబర్ జెఫ్రీ అనే పరిశోధకుడు దానిని పరిశీలించి, అది నిరాధారమని 1940లో ప్రకటించాడు. 1843 నాటి నివేదికలో అప్పటి కమిషనరు హెన్రీ ఎల్స్‌వర్త్ రాసిన ఒక వాక్యం ఈ కథకు మూలమై ఉండవచ్చునని ఆయన భావించాడు. ఏటేటా పెరిగే కల్పనలను చూస్తే మానవ ప్రగతి తుది దశకు చేరుతున్నదేమో అనిపిస్తుందని ఎల్స్‌వర్త్ ఆశ్చర్యంతో, అలంకారికంగా అన్నాడు. ఆ తరువాత కూడా ఆయన పదవిలో కొనసాగాడు. కాలక్రమంలో ఈ కథ డ్యూయెల్ పేరుకు అంటుకొన్నది. 1980ల్లో వెలువడిన కొన్ని ప్రసిద్ధ సంకలనాలు దానిని మరింత వ్యాపింపజేశాయి. ఒకరు రాసినదానిని మరొకరు చూసి రాశారే గాని, మూలాన్ని వెదికినవారు అరుదు.

1900 ప్రారంభం నాటికి అమెరికా ఇచ్చిన పేటెంట్ల వరుస సంఖ్య సుమారు 6,40,000. 2018 జూన్‌లో ఆ సంఖ్య కోటికి చేరింది. ఈ ప్రవాహం ఆగిపోతుందని డ్యూయెల్ ఎన్నడూ చెప్పలేదు. అయినా ఆ అపకీర్తి ఆయనకు దక్కింది. దరఖాస్తుదారుడు కొత్తదని చెప్పినంత మాత్రాన నమ్మక, పూర్వాపరాలు విచారించి నిర్ణయించడం ఆయన వృత్తిధర్మం. ఆయన విషయంలో లోకం మాత్రం ఆ ధర్మాన్ని పాటించలేదు. ఆయన మాటలు వినకుండానే, పత్రం చూడకుండానే తీర్పు చెప్పింది.

ఒక వాక్యం అచ్చులో కనిపించినంత మాత్రాన, పదిమంది చెప్పినంత మాత్రాన ప్రమాణం కాదు. ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ ఉంది అని అడగడం విద్యార్థి అలవరచుకోవలసిన మొదటి గుణం. ఆ ప్రశ్నల వల్ల మనకు జ్ఞానం కలుగుతుంది. తనవైపు వాదన వినిపించుకొనే అవకాశం లేని వ్యక్తికి న్యాయం కూడా జరుగుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

మర్మం = రహస్యం
ప్రమాణం = నమ్మదగిన ఆధారం
తెనిగించు = తెలుగులోకి మార్చు
ఉదంతం = వృత్తాంతం
వ్యాజ్యం = న్యాయస్థానంలో నడిచే వివాదం
అధిష్ఠించు = పదవిని, పీఠాన్ని ఎక్కు
పూర్వాపరాలు = ముందు వెనుకల విషయాలు
అపకీర్తి = చెడ్డపేరు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. డ్యూయెల్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించండి.
2. డ్యూయెల్‌పై ప్రచారమైన కథ నిరాధారమని పాఠం ఏ విధంగా నిరూపించింది?

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పేటెంటు అధికారి పని న్యాయవిచారణ వంటిదని ఎందుకు చెప్పవచ్చు?
2. పసుపు పేటెంటు ఎలా రద్దయింది?
3. 1899లో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఏమిటి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ధర్మశాస్త్రాలు చెప్పిన మూడు ప్రమాణాలు ఏవి?
2. ‘విజ్ఞానేశ్వరీయము’ను రచించినవారు ఎవరు?
3. డ్యూయెల్‌ను న్యాయమూర్తిగా నియమించిన అధ్యక్షుడు ఎవరు?

IV. సంధులు
న్యాయాధికారి = న్యాయ + అధికారి – సవర్ణదీర్ఘ సంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణసంధి
ప్రత్యేక = ప్రతి + ఏక – యణాదేశ సంధి

V. సమాసాలు
న్యాయపీఠం = న్యాయం యొక్క పీఠం – షష్ఠీ తత్పురుష సమాసం
వాదప్రతివాదాలు = వాదం, ప్రతివాదం – ద్వంద్వ సమాసం