క్యాజువాలిటీలో చేరారా? అసలు చదువు ఇప్పుడే మొదలు

నర్సింగ్ కాలేజీలో రోగాలు పాఠం తర్వాత పాఠంగా వస్తాయి. యాక్సిడెంట్ కేసు అలా రాదు. తలకు దెబ్బ, విరిగిన తొడ ఎముక, కడుపులో ఎక్కడో పైకి కనిపించని రక్తస్రావం అన్నీ ఒకే స్ట్రెచర్ మీద ఒకేసారి వస్తాయి. పేషెంటు పేరు కూడా చెప్పలేడు. వెంట వచ్చినవాళ్లు తలో మాట చెబుతారు. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెబుతోంది. పొలంలో ట్రాక్టర్ తిరగబడటం, కడుతున్న బిల్డింగ్ మీంచి జారిపడటం, కాలిన గాయాలు ఈ లెక్కలోకి రావు. ఆసుపత్రి దాకా ప్రాణంతో చేరినవాళ్ల పక్కన అందరికంటే ఎక్కువసేపు ఉండేది నర్సే. డాక్టర్ చూసి, స్కాన్ రాసి, ఇంకో కేసుకు వెళ్తారు. ఆ తర్వాత పేషెంటు పరిస్థితి మారితే ముందుగా తెలియాల్సింది సిస్టర్‌కే.

బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం కోర్సులు దీనికి పునాది వేస్తాయి. అంతకుమించి వాటినుంచి ఆశించడం న్యాయం కాదు. ట్రామా నర్సింగ్‌లో స్థిరపడాలనుకునేవాళ్లు ఉద్యోగంలో చేరాక కూడా చదువుతూనే ఉండాలి. ఏది చదవాలి, ఏది ముందు, ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నవే ఈ వ్యాసంలో విషయాలు.

నిన్న సరైనది, ఇవాళ కాదు

చాలాకాలం పాటు, రక్తం బాగా పోయిన పేషెంటుకు రెండు చేతులకూ లావు కాన్యులాలు పెట్టి రెండు లీటర్ల సెలైన్ గబగబా ఎక్కించమనే నేర్పారు. ఇప్పుడు అలా చెప్పడం లేదు. సెలైన్ ఎక్కువైతే ఉన్న రక్తం పలచబడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, రక్తం గడ్డకట్టే గుణం తగ్గిపోతుంది. ఒక్కసారిగా బీపీ పెరిగితే అప్పుడే గాయం దగ్గర కట్టిన గడ్డ కూడా ఊడిపోవచ్చు. డాక్టర్లకు ట్రామా చికిత్స నేర్పే ఏటీఎల్ఎస్ కోర్సు 2018 నాటి పదో ఎడిషన్ పెద్దవాళ్లకు మొదట ఒక్క లీటరుతో ఆపి, అవసరమైతే త్వరగా రక్తం మొదలుపెట్టమంది. పదేళ్ల కిందట నేర్చుకున్న చెయ్యి ఇవాళ కూడా రెండో లీటరు బాటిల్ వైపు అలవాటుగా వెళ్తుంది. చెయ్యి అలవాటు మారాలంటే మళ్లీ క్లాసులో కూర్చోవాల్సిందే.

ఇంకొకటి ట్రానెక్సమిక్ యాసిడ్. రక్తస్రావం తగ్గించే ఈ మందు మన క్యాజువాలిటీల్లో అందరికీ తెలిసిందే, ధర కూడా తక్కువే. 2010లో వెలువడ్డ క్రాష్-2 అధ్యయనంలో 40 దేశాల నుంచి 20 వేలకు పైగా క్షతగాత్రులు ఉన్నారు. మన దేశ ఆసుపత్రులూ అందులో పాల్గొన్నాయి. గాయమైన మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవాళ్లు తగ్గారు, అదీ ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు సంగతి అటుంచి కీడు జరిగే సూచనలు కనిపించాయి. మందు రాసేది డాక్టరే. కానీ దెబ్బ ఎప్పుడు తగిలిందో అడిగి చార్టులో రాసేది ఎవరు? కేస్ షీట్లలో ఆసుపత్రికి వచ్చిన టైమ్ ఉంటుంది గానీ గాయమైన టైమ్ చాలాసార్లు ఉండదు. 108 సిబ్బందిని, వెంట వచ్చినవాళ్లను గుచ్చిగుచ్చి అడిగి ఆ ఒక్క అంకె రాబట్టడం నర్సు చేయగల పెద్ద పని. ఆ అంకె విలువ తెలిసినవాళ్లే దాన్ని అడుగుతారు.

మంచం దగ్గర చూడాల్సింది

కొత్తగా చేరిన వాళ్లను ఎక్కువగా మోసం చేసేది బీపీ. బైక్ మీంచి పడ్డ ఇరవై ఏళ్ల కుర్రాడు అనుకోండి. వచ్చినప్పుడు బీపీ 120/76, పల్స్ 90. అరగంట తర్వాత బీపీ 114/90, పల్స్ 116. పై అంకె చూసి ‘బీపీ నార్మల్’ అని రాసేసి పక్క బెడ్‌కు వెళ్లిపోవడం చాలా తేలిక. కానీ పై అంకె, కింది అంకె దగ్గరపడ్డాయి. పల్స్ పెరిగింది. చేతివేళ్లు ముట్టుకుంటే చల్లగా తగులుతాయి. గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి రెండు సెకన్లు దాటుతుంది. కుర్రాడు ఊరికే చిరాకు పడుతుంటాడు, దుప్పటి లాగేస్తుంటాడు, వెంట వచ్చినవాళ్లు ‘తాగి ఉన్నాడు సిస్టర్, పట్టించుకోకండి’ అంటారు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే సుమారు ఐదు లీటర్ల రక్తంలో 15 నుంచి 30 శాతం పోయినా పై బీపీ మామూలుగానే కనిపించవచ్చు. అంటే ఒకటిన్నర లీటరు దాకా కడుపులోకి జారిపోయినా మెషీన్ మీద అంకె భయపెట్టదు. బీపీ పడిపోయే దాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

ఇది పుస్తకంలో ఒక పట్టికలా ఉంటుంది, పరీక్షకు బట్టీ పట్టి మర్చిపోతాం. ట్రామా కోర్సుల్లో ఇదే విషయాన్ని బొమ్మ పేషెంటు మీద, అంకెలు నిమిషనిమిషానికి మారుస్తూ చూపిస్తారు. అప్పుడు ‘సార్, మూడో బెడ్‌కి పల్స్ పెరుగుతోంది, చేతులు చల్లబడ్డాయి, ఒకసారి వచ్చి చూడండి’ అని ధైర్యంగా పిలవడం అలవాటవుతుంది. నా దృష్టిలో ట్రామా నర్సుకు శిక్షణ ఇచ్చేది ముఖ్యంగా ఈ ధైర్యాన్నే. పల్స్ చూడటం అందరికీ వచ్చు. చూసినదాన్ని నమ్మి సీనియర్ డాక్టర్‌ని నిద్రలేపడం అందరూ చేయరు.

ఏ కోర్సు, ఏ వరసలో

మొదట బీఎల్ఎస్, ఆ తర్వాత ఏసీఎల్ఎస్. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే ఈ కార్డులు రెండేళ్లే చెల్లుతాయి, మళ్లీ చేయాలి. ఇవి గుండె ఆగినప్పుడు పనికొచ్చేవి. ట్రామాకు వేరే శిక్షణ కావాలి.

అసలు శిక్షణ ఏటీసీఎన్‌లో దొరుకుతుంది. నర్సుల కోసం అమెరికాలోని సొసైటీ ఆఫ్ ట్రామా నర్సెస్ రూపొందించిన అడ్వాన్స్‌డ్ ట్రామా కేర్ ఫర్ నర్సెస్ ఇది. డాక్టర్ల ఏటీఎల్ఎస్‌తో పాటే జరుగుతుంది. ఉపన్యాసాలు డాక్టర్లతో కలిసి వింటారు, స్కిల్ స్టేషన్లు నర్సులకు విడిగా ఉంటాయి. మన దేశంలో దీనికి ముఖ్య కేంద్రం ఢిల్లీ ఎయిమ్స్‌లోని జయప్రకాశ్ నారాయణ్ అపెక్స్ ట్రామా సెంటర్. డాక్టర్, నర్సు ఒకే భాష నేర్చుకుని బయటికి రావడం దీనిలోని పెద్ద లాభం. శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఒళ్లంతా తెరిచి చూడటం అన్న వరస ఇద్దరికీ ఒకటే అయితే క్యాజువాలిటీలో సగం అరుపులు తగ్గుతాయి.

ఈ చదువుకు మూలమైన ఏటీఎల్ఎస్ పుట్టిన తీరు కూడా తెలుసుకోదగినదే. 1976 ఫిబ్రవరిలో అమెరికాలోని నెబ్రాస్కాలో ఎముకల సర్జన్ జేమ్స్ స్టైనర్ నడుపుతున్న చిన్న విమానం పొలాల్లో కూలింది. భార్య చనిపోయారు. నలుగురు పిల్లల్లో ముగ్గురికి తీవ్ర గాయాలు. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో పిల్లలకు అందిన వైద్యం చూసి, ఈ పద్ధతి మారాలని ఆయన పట్టుబట్టారు. 1978లో మొదటి కోర్సు జరిగింది. 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని చేపట్టింది. పెద్ద నగరాల స్పెషలిస్టుల కోసం కాదు, చిన్న ఊళ్ల ఆసుపత్రుల కోసం పుట్టిన శిక్షణ ఇది. హైవే పక్కన ఉన్న మన ఏరియా ఆసుపత్రి నర్సులకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఏడాది సమయం పెట్టగలిగితే భారత నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఉన్నాయి. ఎమర్జెన్సీ అండ్ డిజాస్టర్ నర్సింగ్, క్రిటికల్ కేర్, న్యూరో సైన్స్, ఆర్థోపెడిక్ అండ్ రిహాబిలిటేషన్ ట్రామాకు దగ్గరివి. ఇంకా పైకి వెళ్లాలనుకుంటే రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ రెసిడెన్సీ ఉంది. చేరేముందు ఆ కాలేజీకి ఆ కోర్సు అనుమతి ఉందో లేదో, అనుబంధ ఆసుపత్రిలో ట్రామా కేసులు నిజంగా వస్తాయో లేదో చూసుకోండి. కేసులు లేని చోట ట్రామా డిప్లొమా చేస్తే ఏడాది పోతుంది.

డబ్బు లేనివాళ్లు నిరుత్సాహపడొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ కలిసి 2018లో తెచ్చిన బేసిక్ ఎమర్జెన్సీ కేర్ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. పరికరాలు తక్కువ ఉన్న ఆసుపత్రుల కోసమే రాసిన పుస్తకం. ట్రామా మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. ఇంగ్లీషు సులువుగా ఉంటుంది, తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లూ ఇబ్బంది లేకుండా చదవగలరు.

గంటసేపు వెబినార్‌కు కెమెరా ఆపేసి కూర్చుంటే వచ్చే సర్టిఫికెట్ల మీద మాత్రం డబ్బు పోయకండి. రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ కోర్సులో బొమ్మ మీద చేతులతో చేయిస్తారా? పరీక్షలో ఫెయిల్ చేసే పద్ధతి ఉందా? రెండింటికీ ‘లేదు’ అని జవాబొస్తే ఆ ఫీజుతో మంచి పుస్తకం కొనుక్కోండి.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు కావాల్సిన గంటలు కూడా మర్చిపోకూడదు. నర్సింగ్ కౌన్సిల్ నిర్దేశం ప్రకారం ఐదేళ్లలో 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య పూర్తిచేయాలి. హాజరైన ప్రతి కార్యక్రమం క్రెడిట్ గంటలు రాష్ట్ర కౌన్సిల్ గుర్తించినవో కావో అప్పుడే కనుక్కోండి. ఐదో ఏట కనుక్కుంటే ఏమీ చేయలేం.

మీ వార్డే క్లాస్‌రూమ్

ఢిల్లీ దాకా వెళ్లలేనివాళ్లే ఎక్కువ. వాళ్లు సొంత వార్డులో చాలా నేర్చుకోవచ్చు. వెన్నెముకకు దెబ్బ ఉందన్న అనుమానం ఉన్న పేషెంటును దుంగలా ఒకే కదలికలో పక్కకు తిప్పడం తీసుకోండి. దీనికి కనీసం నలుగురు కావాలి. తల పట్టుకున్నవాళ్లే లెక్క చెప్పాలి. మిగతా ముగ్గురు భుజం, నడుము, కాళ్ల దగ్గర చేతులు వేసి ఆ మాటకే కదలాలి. చాలాచోట్ల ఎవరు ముందొస్తే వాళ్లు లాగేస్తారు. కేసులు తక్కువగా ఉన్న మధ్యాహ్నం పది నిమిషాలు, వార్డ్ బాయ్‌ని కూడా కలుపుకుని, ఒక సిస్టర్‌ని మంచం మీద పడుకోబెట్టి సాధన చేస్తే నెలలో టీమ్ మొత్తానికి వచ్చేస్తుంది. ఖర్చు రూపాయి లేదు.

మెడికో లీగల్ కేసుల్లో బట్టలు కత్తిరించడం కూడా అలాంటిదే. కత్తిపోటు, తూటా రంధ్రం మీదుగా కత్తెర పోనివ్వకూడదు, పక్కనుంచి కత్తిరించాలి. తడి బట్టల్ని ప్లాస్టిక్ కవర్లో కుక్కితే పాడవుతాయి, ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టాలి. పేషెంటు బతికినా పోయినా ఆ బట్టలు కోర్టులో సాక్ష్యమవుతాయి. కాలేజీలో దీనిమీద ఒక పేరా కంటే ఎక్కువ చెప్పరు.

అలాగే కేసుల నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. పేరు, ఐపీ నంబరు రాయొద్దు. దెబ్బ ఎలా తగిలింది, మొదట ఏం కనిపించింది, ఎప్పుడు మారింది, చివరికి ఏం తేలింది, ఇంతే. ఇంటర్వ్యూలో ‘మీరు చూసిన కష్టమైన ట్రామా కేసు చెప్పండి’ అన్నప్పుడు మీ దగ్గర నిజమైన జవాబు ఉంటుంది.

ఉద్యోగాల సంగతి

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్సెట్ పరీక్ష రాయాలి. లెవెల్ 7, మూలవేతనం రూ.44,900తో మొదలు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. ఢిల్లీ ట్రామా సెంటర్‌లో ట్రామా నర్స్ కోఆర్డినేటర్లు కూడా పనిచేస్తున్నారు. పేషెంటు వచ్చినప్పటినుంచి డిశ్చార్జి దాకా టీమ్‌ల మధ్య సమన్వయం, బంధువులకు సమాచారం, రికార్డులు వాళ్ల పని. మన పెద్ద ఆసుపత్రుల్లోనూ ఈ పోస్టు రావాలని, వస్తుందని నా నమ్మకం.

విదేశాల మీద ఆశ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికాలో 2016 నుంచి ట్రామా సర్టిఫైడ్ రిజిస్టర్డ్ నర్స్, అంటే టీసీఆర్ఎన్ పరీక్ష ఉంది. ముందు అక్కడి లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి, అక్కడి ఆర్‌ఎన్ లైసెన్సు, ట్రామాలో పని అనుభవం సంపాదించాక దాని గురించి ఆలోచించండి. ఇక్కడే టీసీఆర్ఎన్ కోచింగ్ పేరుతో ఎవరైనా ఫీజు అడిగితే తొందరపడొద్దు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ నిలవాలంటే ప్రతి మూడేళ్లకూ 450 గంటల పని, 35 గంటల వృత్తి శిక్షణ చూపాలి. అందులో 20 గంటలు ఇతరులతో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. వెళ్లాక కూడా చదువు ఆగదు.

చివరగా ఆసుపత్రుల యాజమాన్యాలకు ఒక మాట. డాక్టర్ కాన్ఫరెన్సుకు వెళ్తే ఆన్ డ్యూటీ ఇస్తారు. నర్సు శిక్షణకు వెళ్తానంటే వీక్లీ ఆఫ్ వాడుకోమంటారు, ఫీజు సొంతంగా కట్టుకోమంటారు. ఇది అన్యాయం. శిక్షణ పొందిన నర్సు వల్ల లాభపడేది పేషెంటు, ఆసుపత్రి. ఖర్చు మాత్రం జీతం తక్కువున్న ఆమె మీద వేయడం తగదు.

నర్సులూ అడగడానికి మొహమాటపడకండి. ఎక్కడ జరిగే ఏ కోర్సు, ఎన్ని రోజులు, ఫీజెంత, వెళ్లొచ్చాక వార్డులో ఎంతమందికి నేర్పుతారు అన్నవి ఒక కాగితం మీద రాసి, ఇద్దరు ముగ్గురు కలిసి నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కు ఇవ్వండి. మొదటిసారి కాదంటే వచ్చే బ్యాచ్‌కు మళ్లీ ఇవ్వండి.